గాజువాకకి 90 రూపాయలా? వైజాగ్‌లో లోకల్ డెలివరీ రేట్లు ఎలా పెట్టాలి

జాడీమూత:
అందరికీ నమస్కారం. మాది ఎంవీపీ కాలనీ. ఇంట్లోనే ఊరగాయలు, పొడులు, సున్నుండలు చేసి అమ్ముతాం. ఇన్నాళ్లూ వాట్సాప్‌లో ఆర్డర్లు తీసుకున్నాను, ఇప్పుడు వూకామర్స్ అనే ఆన్‌లైన్ షాపు సాఫ్ట్‌వేర్‌తో సొంత సైట్ పెట్టాను. డెలివరీ రేట్ల దగ్గరే ఆగిపోయింది.

నేననుకున్నది ఇదీ: ఎంవీపీ, సీతమ్మధార, మద్దిలపాలెం, ద్వారకానగర్ వైపు 30. మధురవాడ, గోపాలపట్నం 60. గాజువాక, పెందుర్తి, భీమిలి 90. ఆర్డరు 999 దాటితే ఎక్కడికైనా ఫ్రీ. మా మరిది స్కూటీ మీద ఇచ్చి వస్తాడు కాబట్టి మనిషి ఖర్చు లేదు. మామూలుగా ఒక్కో ఆర్డరు 450 దగ్గర ఉంటుంది. ఈ రేట్లు సరిపోతాయా? ఏరియాలని పిన్‌కోడ్‌తో పెట్టాలా, కిలోమీటర్లతో పెట్టాలా?

గాజువాక కుర్రోడు:
మొదలెట్టేశారు. గాజువాక అంటే 90. 2005లో జీవీఎంసీ (గ్రేటర్ విశాఖ కార్పొరేషన్) ఏర్పడినప్పుడే మా మున్సిపాలిటీని కలిపేశారు. పన్ను కట్టేటప్పుడు మేము సిటీ, పచ్చడి కొనేటప్పుడు పరాయి ఊరా? ఒకే సిటీకి ఒకే రేటు ఉండాలి. 50 పెట్టండి అందరికీ, గొడవ ఉండదు.

లెక్కలమాస్టారు:
మేడమ్, ముందు మీ రెండో ప్రశ్న. పిన్‌కోడే పెట్టండి. మ్యాప్ మీద వృత్తం గీసి ఇన్ని కిలోమీటర్లు అని పెట్టే పద్ధతి షాపిఫై అనే ఇంకో షాపు సాఫ్ట్‌వేర్‌లో ఉంది, వూకామర్స్‌లో కావాలంటే విడిగా ప్లగిన్ (అదనపు సాఫ్ట్‌వేర్) వేసుకోవాలి. ఉన్నా మన ఊరికి అది పనికిరాదు. మీ ఇంటి దగ్గర్నుంచి గీత గీస్తే గాజువాక కంటే యారాడ దగ్గర. బండి మీద వెళ్లండి, తెలుస్తుంది. మధ్యలో హార్బర్, డాల్ఫిన్స్ నోస్ కొండ ఉన్నాయి. సింధియా మీదుగా చుట్టూ తిరిగి వెళ్లాల్సిందే.

పిన్‌కోడ్‌లోనూ ఒక తిరకాసు ఉంది. 530 తర్వాత నక్షత్రం గుర్తు (530తో మొదలయ్యే కోడ్‌లన్నీ అని అర్థం) పెడితే సిటీ అంతా వచ్చేసిందనుకుంటారు. పెందుర్తి 531173, భీమిలి 531163. అవి రావు. సరే అని 531కి కూడా నక్షత్రం పెడితే అనకాపల్లి 531001 వస్తుంది, అరకు 531149 కూడా వస్తుంది. 90 రూపాయలకి అరకు వెళ్లి రమ్మనండి మీ మరిదిని. కాబట్టి 531 కోడ్‌లు ఒక్కొక్కటీ విడిగా రాయండి. జోన్ల వరస కూడా చూసుకోండి, జోన్ అంటే ఒకే రేటు పడే పిన్‌కోడ్‌ల పట్టీ. పైనుంచి కిందికి చూస్తూ మొదట ఏది కలిస్తే ఆ రేటే వేస్తుంది. గాజువాక 530026 జోన్ పైన ఉండాలి, 530 నక్షత్రం కింద ఉండాలి. తిరగేస్తే గాజువాకకి కూడా 30 పడుతుంది.

గాజువాక కుర్రోడు గారూ, పన్నుకీ పెట్రోలుకీ సంబంధం లేదు. ఎంవీపీ నుంచి గాజువాక రానూపోనూ 35 కిలోమీటర్లు. ట్రాఫిక్‌లో స్కూటీ లీటరుకి 40 ఇస్తే గొప్ప. లీటరు 109 వేసుకున్నా 95 రూపాయల పెట్రోలు. 90 తీసుకుంటే ఆవిడకే 5 రూపాయలు నష్టం.

ఉప్పుటేరు:
పులిహోర పొడి ఉందా అండీ?

గాజువాక కుర్రోడు:
మాస్టారూ, లెక్క ఒక్క ఆర్డరుకే వేశారేం? గాజువాకలో కొనేది నేనొక్కణ్ణేనా? స్టీల్‌ప్లాంట్ టౌన్‌షిప్, కూర్మన్నపాలెం, అంతా ఉద్యోగస్తులే. జీతాలు రాగానే కొనేది మేము. మీరు ముందే 90 అని బోర్డు పెడితే రెండో ఆర్డరు ఎలా వస్తుంది?

లెక్కలమాస్టారు:
వచ్చాక చూద్దాం. రాని ఆర్డర్లతో రేటు కట్టకూడదు. నేను ద్వారకానగర్‌లో పోటీ పరీక్షల పుస్తకాలు అమ్ముతాను. అందరికీ 40 అని పెట్టాను ఒకప్పుడు. దగ్గర వాళ్లు షాపుకే వచ్చి తీసుకున్నారు. దూరం వాళ్లు మాత్రమే డెలివరీ పెట్టారు. ఒకే రేటు పెడితే జరిగేది ఇదే. 40 రూపాయలు లాభం అనుకున్నవాడే నొక్కుతాడు.

గాజువాక కుర్రోడు:
మీ షాపు ఏదో నాకు తెలిసిపోయింది లెండి. అక్కడికి పుస్తకం కోసం సిటీ బస్సులో నిలబడి వచ్చినవాడిని నేను. స్టాక్ ఉందని ఫోన్‌లో చెప్పారు, వచ్చాక లేదన్నారు.

లెక్కలమాస్టారు:
పేరు చెప్పకుండా నా షాపు అనెయ్యడం ఏటండి? ద్వారకానగర్‌లో పుస్తకాల షాపులు ఎన్నున్నాయో తెలుసా మీకు?

నిర్వాహకుడు:
షాపుల గొడవ ఇక్కడ వద్దు. రేట్ల మీద మాట్లాడండి.

జాడీమూత:
మాస్టారూ, జోన్ల వరస సంగతి నాకు తెలీదు, మార్చాను. థాంక్స్. ఒకటి అడుగుతాను: 999కి ఫ్రీ పెడితే ఎలా ఉంటుంది? మా చెల్లెలు 699 చాలంటోంది.

లెక్కలమాస్టారు:
మీ ఆర్డరు 450. దాన్ని 600కి లాగగలరు, 999కి లాగలేరు. పావుకిలో ఆవకాయ కొనేవాడు ఫ్రీ కోసం ఇంకో పొడి పొట్లం వేసుకుంటాడు, రెండు కిలోలు కొనడు. నన్నడిగితే దగ్గర జోన్‌కి 599 పెట్టండి, దూరం జోన్‌కి వేరే పెట్టండి. జోన్‌జోన్‌కీ ఫ్రీ పరిమితి విడిగా పెట్టుకోవచ్చు. కూపన్ ఇచ్చే అలవాటుంటే పరిమితిని కూపన్ తగ్గింపుకి ముందు చూడాలా తర్వాత చూడాలా అని ఒక టిక్ ఉంటుంది, చూసుకోండి. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉంటే డెలివరీ చార్జీ మీద కూడా పన్ను పడుతుంది, అది వేరే లెక్క.

గాజువాక కుర్రోడు:
అంటే దగ్గరివాళ్లకి 599కే ఫ్రీ, మాకు 1500కా? బీచ్ రోడ్డు పక్కన ఇల్లుంటే పచ్చడి కూడా చవకన్నమాట.

లెక్కలమాస్టారు:
దూరం దూరమే గురూ. ఎన్‌ఏడీ ఫ్లైఓవర్ వేసినా గాజువాక దగ్గరికి జరగలేదు.

ఏపీ31 బండి:
మూడు రోజులుగా చదువుతున్నాను. నేను డెలివరీ చేసేవాణ్ణి, ఒక యాప్‌లో కాదు, నాలుగైదు చిన్న షాపులకి. మీ ఇద్దరి లెక్కలోనూ బండి ఉంది, పెట్రోలు ఉంది. మనిషి లేడు.

గాజువాక వెళ్లి రావడానికి పెట్రోలు 95 అన్నారు. టైమ్ ఎంతో రాయలేదు. షిఫ్ట్ మారే వేళ పాత గాజువాక జంక్షన్‌లో పడితే పూట పోతుంది. అపార్ట్‌మెంట్ గేటు దగ్గర సెక్యూరిటీ ఆపుతాడు, కస్టమరు ఫోన్ ఎత్తడు, లిఫ్ట్ పనిచెయ్యదు. ఈ వెయిటింగ్ కిలోమీటర్లలో రాదు. ఎంవీపీలో 30 రూపాయల డెలివరీకి కూడా ఇదే వెయిటింగ్. అందుకే దగ్గర జోన్‌కి 30 అనేదే అసలు తప్పు రేటు, గాజువాక 90 కాదు.

పచ్చడి అంటే ఇంకోటి. గాజు సీసా మూత మీద సెల్లోటేప్ ఒక్క చుట్టు వేసి ఇస్తారు. స్పీడ్ బ్రేకర్లు దాటేసరికి నూనె మూత అంచు దగ్గర ఊరి, బ్యాగ్ అడుగు అట్టలోకి దిగుతుంది. మర్నాడు అదే బ్యాగ్‌లో బట్టల పార్సిల్ వెయ్యాలి నేను. మూత కింద ప్లాస్టిక్ షీట్ పెట్టి బిగించి, సీసాని కవర్లో వేసి ముడి వెయ్యండి. ఆ ఖర్చు కూడా డెలివరీలోదే.

మీ మరిదికి ఎంత ఇస్తున్నారు మేడమ్?

జాడీమూత:
అది మా ఇంటి విషయం అండి. పెట్రోలు మేమే పోయిస్తాం. ఖాళీగా ఉన్నాడు, ఉద్యోగానికి చూసుకుంటున్నాడు. ఇంట్లో మనిషికి జీతం ఏమిటి?

ఏపీ31 బండి:
ఉద్యోగం వచ్చిన రోజున ఏం చేస్తారు? అప్పుడు నాలాంటివాణ్ణి పిలిచి, ‘30కే కదా ఇన్నాళ్లూ నడిచింది’ అంటారు. నాకు ఇలా చెప్పినవాళ్లు ఉన్నారు. అన్నయ్య ఫ్రీగా తిప్పిన రేటుకి నన్ను తిరగమన్నారు.

జాడీమూత:
నేను ఎవరి కష్టం తినేదాన్ని కాదు. పొద్దున్నే లేచి మిక్సీ దగ్గర నిలబడేది నేను. నాకెవరిస్తున్నారు జీతం?

కైలాసగిరి నీడ:
ఇది మాత్రం నిజం. సీసా ధరలో ఆవిడ కూలీ కూడా లేదని పందెం.

లెక్కలమాస్టారు:
నేను మొదట్నుంచీ చెప్పేది అదే. అసలు ఖర్చు రాయండి, ఎవరిది వాళ్లు కట్టుకుంటారు. 50 అందరికీ అంటే ఎంవీపీ ముసలాయన గాజువాక పెట్రోలు పోయించినట్టు. ఎందుకు పోయించాలి?

గాజువాక కుర్రోడు:
ఇప్పుడు బయటపడింది. ఎందుకు పోయించాలి అనేదే మీ బాధ. నా బాధ 90 కాదు మాస్టారూ. 90 ఇస్తాను. పోయిన నెల వేరే షాపులో చీర బుక్ చేశాను అమ్మకి. వస్తువు పేజీలో డెలివరీ మాట లేదు, అడ్రసు, ఫోన్ నంబరు అన్నీ రాశాక చివరి పేజీలో 120 అన్నారు. సరే కట్టాను. ఆ కుర్రాడు ఫోన్ చేసి జంక్షన్‌కి వచ్చి తీసుకోమన్నాడు. 120 కట్టి నేనే వెళ్లి తెచ్చుకున్నాను. సిటీలో వాళ్లకి గుమ్మం దాకా, మాకు జంక్షన్ దాకా.

ఏపీ31 బండి:
ఆ కుర్రాడికి ఆ 120లో ఎంత ఇచ్చారో కూడా అడగాల్సింది. పాతికో ముప్పయ్యో ఇచ్చి ఉంటారు. అందుకే జంక్షన్.

గాజువాకకి ఒక ఉపాయం ఉంది. రోజూ వెళ్లకండి. మంగళవారం, శనివారం అని పెట్టండి. నాలుగు ఆర్డర్లు పోగైతే పెట్రోలు ఆర్డరుకి పాతిక కూడా పడదు. అప్పుడు 60 తీసుకున్నా బండివాడికి డబ్బు మిగులుతుంది. అర్జంటుగా కావాలంటే బైక్ పార్సిల్ యాప్ బుక్ చేసుకోమనండి, ఆ రేటు వాళ్లు చూసుకుంటారు. ఊరగాయకి అర్జంటేముంది?

గాజువాక కుర్రోడు:
ఇది ఒప్పుకుంటాను. కానీ గుమ్మం దాకా.

లెక్కలమాస్టారు:
ఒకే ఆర్డరు వచ్చిన మంగళవారం సంగతి?

ఏపీ31 బండి:
శనివారానికి వేస్తారు. ముందే సైట్‌లో రాస్తారు ‘రెండు ఆర్డర్లు లేకపోతే తర్వాతి ట్రిప్పు’ అని.

జాడీమూత:
ప్రస్తుతానికి ఇలా పెట్టాను. దగ్గర జోన్ 40, రోజూ సాయంత్రం. మధురవాడ, గోపాలపట్నం 50, రోజు మార్చి రోజు. గాజువాక, పెందుర్తి 60, మంగళ, శని. భీమిలి తీసేశాను. ఫ్రీ పరిమితి దగ్గర జోన్‌కి 699, మిగతావాటికి 999. రేట్ల పట్టీ ప్రతి వస్తువు పేజీలోనూ కనిపించేలా పెట్టించాను, చివరిదాకా దాచలేదు. ఏ జోన్‌లోనూ లేని పిన్‌కోడ్‌కి డెలివరీ పద్ధతే ఇవ్వలేదు, అరకు నుంచి ఆర్డరు పడదు. మరిదికి ట్రిప్పుకింత అని రాస్తున్నాను, ఎంతో ఇక్కడ చెప్పను. పులిహోర పొడి ఉంది.

లెక్కలమాస్టారు:
60కి గాజువాక. మూడు నెలలు చూడండి, ఎంవీపీ రేటు 50 అవుతుంది.

గాజువాక కుర్రోడు:
కూర్మన్నపాలెం గాజువాక జోన్‌లోనేనా మేడమ్? మాస్టారి మాటలు పట్టించుకోకండి.