అప్‌డేట్: రెండు రోజులకోసారి ఆగిపోయే రాస్ప్‌బెర్రీ పై, కారణం దొరికింది

సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్. కొత్తగా చూసేవాళ్ల కోసం: నా రాస్ప్‌బెర్రీ పై 3ఏ ప్లస్‌కి (అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్) పోర్టబుల్ హార్డ్ డిస్క్ తగిలించి ఇంట్లో ఫైల్ సర్వర్‌గా, అంటే ఇంట్లోని పరికరాలన్నీ ఫైళ్లు పంచుకునే చోటుగా వాడుతున్నా. రెండు రోజులకోసారి బిగుసుకుపోయేది.

"ముందు కేబుల్ మార్చి చూడండి" అన్నవారి మాటే నిజమైంది. లాగ్‌లో (సిస్టమ్ తన పనితీరు రాసుకునే ఫైల్) "అండర్ వోల్టేజ్" హెచ్చరిక వరసగా కనిపించింది. 5 వోల్టుల సరఫరా 4.63 కంటే కిందికి జారితే అది వస్తుందట. నేను పవర్ కోసం వాడుతున్నది పాత ఫోన్ ఛార్జర్, దాని సన్నటి పొడవాటి కేబుల్. డిస్క్ తిరగడం మొదలవగానే వోల్టేజ్ పడిపోయేది. 2.5 ఆంపియర్ల అడాప్టర్ కొన్నాను, డిస్క్‌ని సొంత పవర్ ఉన్న యూఎస్‌బీ హబ్‌కి మార్చాను. మూడు వారాలైంది, ఒక్కసారీ ఆగలేదు.

హీట్ సింక్ (చిప్ వేడిని లాగే లోహపు ముక్క), కొత్త మెమరీ కార్డ్, ఓఎస్ మళ్లీ ఎక్కించడం... వీటితో ఏమీ మారలేదు. ఒక ఆదివారం మొత్తం పోయింది, అంతే.

దీన్నే డెస్క్‌టాప్‌గానూ వాడదామన్న ఆశ మాత్రం వదిలేశా. 512 ఎంబీ ర్యామ్‌తో బ్రౌజర్‌లో నాలుగు ట్యాబులు తెరిస్తే చాలు, మౌస్ కూడా కదలదు. ఫైల్ సర్వర్‌గా అయితే బంగారం.