ఎర్రగడ్డ సండే మార్కెట్‌లో పాత కాఫీ మేకర్: కొనొచ్చా, వద్దా?

డికాక్షన్_ప్రియుడు: ఆదివారం పనేమీ లేక ఎర్రగడ్డ మార్కెట్‌లో తీరిగ్గా తిరుగుతుంటే మిక్సీ జార్లు, పాత రిమోట్ల కుప్పలో రెండు కాఫీ మేకర్లు కనిపించాయి. ఒకటి ఎనిమిది పలకల అల్యూమినియం మోకా పాట్, అదే, పొయ్యి మీద పెడితే ఆవిరి ఒత్తిడితో కాఫీ దిగేది, 300 చెప్పాడు. ఇంకోటి కరెంటు డ్రిప్ మెషీన్, గాజు జగ్గుతో 800, బేరమాడితే దిగేలాగే ఉన్నాడు. వచ్చే వారం మళ్లీ వెళ్తున్నా. మా ఆవిడేమో ఎవరి ఎంగిలి సామానో ఇంట్లోకి తెస్తే కాఫీ నువ్వే పెట్టుకో అంటోంది. మీరేమంటారు?

స్టీల్_ఫిల్టర్: వదిన చెప్పిందే రైటన్నా. కొత్త స్టీల్ ఫిల్టర్ కొంటే జీవితాంతం పనిచేస్తుంది, దానికి కరెంటూ వద్దు, పేలే భయమూ లేదు, వేడినీళ్లు తమంతట తామే దిగుతాయి. మనకెందుకీ మోకాలు, మోచేతులు?

పాతసామాన్ల_పిచ్చోడు: ఎంగిలి అంటే నవ్వొస్తోంది. హోటల్లో మీరు తాగే గ్లాసు మీ ఒక్కరిదేనా? మోకా పాట్‌ని గుడ్డిగా వద్దనకండి. 1933లో ఇటలీలో బియలెట్టి వాళ్లు తెచ్చిన డిజైన్ అది, పెద్దగా మారలేదు కాబట్టి మొత్తం విప్పి కళ్లతో చూసుకోవచ్చు. కింది గిన్నె పక్కన చిన్న ఇత్తడి వాల్వ్ ఉంటుంది, ముందు దాన్ని చూడాలి. లోపల ఆవిరి పీడనం ఎక్కువైతే బయటికి వదిలేది అదే. హైదరాబాద్ బోరు నీళ్లకి అది తెల్లగా గడ్డకట్టి మూసుకుపోయి ఉంటే ఊరికే ఇచ్చినా తీసుకోవద్దు. మర పట్టేసినా వద్దు. రబ్బరు రింగు ఎండి పగిలిందంటే మాత్రం ఫర్వాలేదు, సైజు చూసి కొత్తది వేసుకోవచ్చు.

న్యూజెర్సీ_తెలుగోడు: డ్రిప్ మెషీన్ అడుగున స్టిక్కర్ చదివారా? ఇక్కణ్ణుంచి మనవాళ్లు సూట్‌కేసుల్లో తెచ్చి, ఆనక వదిలించుకున్నవి అక్కడికి చేరుతుంటాయి. 120 వోల్టులని ఉంటే మన 230లో పెట్టగానే హీటర్ దాదాపు మూడున్నర రెట్లు పవర్ లాగుతుంది, మాడిపోతుంది. అంత లోడు తట్టుకునే ట్రాన్స్‌ఫార్మర్ కొనాలంటే మెషీన్ కంటే దానికే ఎక్కువవుతుంది. ఇక్కడ గరాజ్ సేల్‌లో అయితే ప్లగ్ పెట్టి చూపించమని అడుగుతాం. అక్కడ రోడ్డు పక్కన ఎలా చూస్తారు?

డికాక్షన్_ప్రియుడు: స్టిక్కర్ చూడలేదండీ, చింపేసినట్టుంది.

న్యూజెర్సీ_తెలుగోడు: అయితే ఇక అడగడానికేముంది, వదిలేయండి.

ఇత్తడి_అత్తయ్య: నాయనా, పాతది కావాలంటే ఇత్తడి ఫిల్టర్ వెతుక్కో. జుమ్మెరాత్ బజార్‌లో గురువారం వెళ్తే దొరకొచ్చు. పై గిన్నె వెలుతురుకి ఎత్తి పట్టుకుని చూడు, బెజ్జాలన్నీ కనపడాలి. లోపల కళాయి పోయి పసుప్పచ్చగా తేలితే, నమ్మకమైనవాడి దగ్గర మళ్లీ వేయించుకునే దాకా అందులో డికాక్షన్ తీయొద్దు. తగరంలో సీసం కలిపి వేసే వాళ్లూ ఉన్నారు, అడిగి మరీ వేయించుకో.

స్టీల్_ఫిల్టర్: చూశారా! వాల్వ్ చూడాలి, రింగు మార్చాలి, కళాయి వేయించాలి. ఇదంతా తిరిగే ఆటో ఖర్చుకి నా ఫిల్టర్ వచ్చేస్తుంది.

పాతసామాన్ల_పిచ్చోడు: తమ్ముడూ, సండే మార్కెట్‌కి ఎవడైనా డబ్బు మిగుల్చుకోవడానికే వెళ్తాడా? ఆ తిరగడమే సరదా. అయితే 300 మాత్రం ఇవ్వొద్దు, రింగు పోయిందని చెప్పి 150 దగ్గర మొదలెట్టండి. తెచ్చాక నిమ్మ ఉప్పు వేసిన నీళ్లు ఒకసారి, మంచినీళ్లు రెండుమూడుసార్లు మరిగించి పారబోయండి. నీళ్లు ఎప్పుడూ వాల్వ్ కంటే కిందే ఉండాలి.

ఇత్తడి_అత్తయ్య: ఇండక్షన్ పొయ్యి అయితే అల్యూమినియం పాట్ వేడెక్కదు, అదీ చూసుకో.

డికాక్షన్_ప్రియుడు: మాది గ్యాసే అత్తయ్యా. డ్రిప్ మెషీన్ క్యాన్సిల్. మోకా పాట్‌కి వాల్వ్ బాగుంటే 200 దాకా పెడతా, లేదంటే గురువారం జుమ్మెరాత్ బజార్‌కే.

స్టీల్_ఫిల్టర్: వదినకి చెప్పి వెళ్లన్నా.