అప్‌డేట్: మా ఊరి పాత స్థలనామాల నమోదు ఎంతవరకు వచ్చింది

నెల్లూరు జిల్లాలోని మా ఊళ్లో పెద్దవాళ్ల నోట మాత్రమే మిగిలిన కుంటలు, దొరువులు, దిబ్బలు, పొలిమేర రాళ్ల పేర్లను చెన్నైలో ఉంటూ ఎలా నమోదు చేయవచ్చని గతంలో అడిగాను. వచ్చిన సలహాలలో కైఫీయత్తులతో (ఊళ్లవారీగా రాసిన పాత గ్రామచరిత్రలతో) మొదలుపెట్టమన్నదే ఎక్కువ ఉపయోగపడింది.

ఈస్టిండియా కంపెనీ సర్వే అధికారి, 1821లో మరణించిన కాలిన్ మెకంజీ కోసం ఆయన వద్ద పనిచేసిన కావలి సోదరులు, వారి సహాయకులు ఊరూరా తిరిగి సేకరించిన ఆ గ్రామచరిత్రలు ఇక్కడ చెన్నైలోని ప్రభుత్వ ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలో ఉన్నాయి. మా ఊరికి విడిగా కైఫీయత్తు దొరకలేదు గానీ, పొరుగూరి దానిలో పొలిమేరలు చెప్పే చోట మా చెరువు పాత పేరు కనిపించింది. గుడి ఎవరు కట్టించారన్న దగ్గర ఈ రచనలు తరచు పురాణంలోకి జారుతాయి కనుక వాటిని శాసనాలతో సమానంగా తీసుకోకూడదు. హద్దులు, కాలువల విషయంలో మాత్రం వాటిలో వివరాలు చెప్పిన కరణాల (ఊరి భూముల లెక్కలు రాసేవారి) మాటకు విలువ ఎక్కువని నా అభిప్రాయం.

ప్రతి పేరుకూ చెప్పినవారి ఉచ్చారణ రికార్డింగు, వయసు, సర్వే నంబరు, అక్షాంశ రేఖాంశాలు జతచేస్తున్నాను. ఒకే దిబ్బకు రెండు వీధులవారు రెండు పేర్లు చెబితే (చెబుతారు, వాదించుకుంటారు కూడా) రెండింటినీ ఉంచుతున్నాను. ఎవరైనా సవరించగల ఉచిత ఆన్‌లైన్ పటం ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో వాడుక పేరును ‘నేమ్’ కింద, మరుగునపడిన దానిని ‘ఓల్డ్ నేమ్’ కింద చేరుస్తున్నాను. గుప్తనిధుల కోసం తవ్వేవారి భయం ఉన్నందున, రక్షణ లేని వీరగల్లుల (మరణించిన వీరుల స్మారక శిలల) కచ్చితమైన స్థానాలను బహిరంగ పటంలో పెట్టడం లేదు.