లాన్‌లో ఉబ్బిన మట్టి: వేరు పురుగా, కుమ్మరి పురుగా?

ప్రశ్న: బెర్ముడా గడ్డి అక్కడక్కడా ఎండుతోంది. పొద్దున్నే చూస్తే వేలెడు వెడల్పున మట్టి ఉబ్బి గీతల్లా ఉంటోంది. ఏం మందు కొట్టాలండీ?

జవాబు 1: మందు తర్వాత, ముందు పురుగేదో తేల్చుకోండి. ఆ గీతలు కుమ్మరి పురుగువే అనిపిస్తోంది. గిన్నెలు తోమే లిక్విడ్ రెండు టేబుల్‌స్పూన్లు 5 లీటర్ల నీళ్లలో కలిపి, చదరపు మీటరు మేర పోయండి. ఉంటే నాలుగైదు నిమిషాల్లో పైకొస్తుంది. గోధుమ రంగు, పారల్లాంటి ముందుకాళ్లు.

జవాబు 2: సబ్బునీళ్లకు వేరు పురుగు బయటికి రాదు, అక్కడే చాలామంది పొరబడతారు. గడ్డి చాపలా లేచొస్తే అడుగు చదరాన 3 అంగుళాల లోతు తవ్వండి. తెల్లగా, వంకర తిరిగిన పురుగులు ఐదారు దాటితే మెటారైజియం (పురుగుల్ని చంపే శిలీంధ్రం) వాడండి. తడి నేల మీద, సాయంత్రమే చల్లాలి. ఎండ తగిలితే ఆ శిలీంధ్రం చచ్చిపోతుంది.

జవాబు 3: పిడికిలంత బొరియ, పక్కనే మట్టికుప్ప ఉంటే పందికొక్కు. బోనులో ఎండుచేప పెట్టండి.