కెమిస్ట్రీ పీహెచ్‌డీకి పరిశోధన పేపర్ తప్పనిసరి చేయాలా? (మాట్లాడేవాళ్లను ప్రాంతాల పేర్లతో గుర్తించాం)

యశ్వంతపురం:
బెంగళూరులో కెమిస్ట్రీ పీహెచ్‌డీ చేస్తున్న మనవాళ్లు ఎక్కడ కలిసినా ఇదే వాదన. యూజీసీ 2016 నిబంధనల ప్రకారం థీసిస్ ఇచ్చేలోపు రిఫరీడ్ జర్నల్‌లో (నిపుణులు పరిశీలించాకే అచ్చేసే పత్రికలో) ఒక పేపర్ రావాల్సి ఉండేది, సదస్సుల్లో రెండు ప్రెజెంటేషన్లు ఇవ్వాల్సి ఉండేది. 2022లో ఆ షరతు తీసేశారు. కనీసం 12 క్రెడిట్ల కోర్స్‌వర్క్, కనీసం మూడేళ్లు, ఆరు నెలలకోసారి సలహా కమిటీ, ఇద్దరు బయటి పరీక్షకులు, వైవా మాత్రం ఉన్నాయి. మా యూనివర్సిటీ పేపర్ షరతును ఇంకా పట్టుకునే ఉంది. అది తప్పని నా అభిప్రాయం.

గాజువాక:
ఉండాల్సిందే తమ్ముడూ. గైడు డ్రాఫ్టు చదవకుండా నెలల తరబడి పక్కన పెడితే, "సార్, పేపర్ లేకపోతే సబ్మిషన్ కుదరదు" అని అడగడానికి ఆ రూలే కదా ఆధారం. అది పోతే ఏమని అడుగుతాం?

యశ్వంతపురం:
అన్నా, పేపర్ ఎప్పుడు పంపాలో తేల్చేది కూడా ఆ గైడే. రూల్ ఉంటే తాళం ఆయన చేతికే వెళ్తుంది. ఇంకో సంగతి. పల్లాడియం కప్లింగ్ (పల్లాడియం సాయంతో రెండు అణువులను కలిపే రియాక్షన్) మీద పనిచేసేవాళ్లకి కండిషన్లు ఒకసారి కుదిరితే చాలు, సబ్‌స్ట్రేట్లు, అంటే రియాక్షన్‌లో వాడే పదార్థాలు, మారుస్తూ పోతే టేబుల్ నిండుతుంది, పేపర్ తయారు. టోటల్ సింథసిస్, అంటే సంక్లిష్టమైన అణువును మామూలు రసాయనాల నుంచి మెట్టుమెట్టుగా తయారుచేయడం, చేసేవాళ్ల కథ వేరు. ఇరవై స్టెప్పుల్లో పద్దెనిమిదోది ఫెయిలయ్యేసరికి చేతిలో కొన్ని మిల్లీగ్రాములే మిగులుతాయి. మళ్లీ మొదటి నుంచి కాలమ్‌లు (పదార్థాన్ని శుద్ధిచేసే గొట్టాలు) వేసుకుంటూ మెటీరియల్ పోగుచేయాలి. సీఎస్‌ఐఆర్ ఫెలోషిప్ ఐదేళ్లకే ఆగిపోతుంది. ఈ ఇద్దరినీ ఒకే పేపర్‌తో కొలవడం అన్యాయం.

అడయార్:
నేను చెన్నైలో పూర్తిచేశాను. రూల్ ఉన్నన్నాళ్లూ డబ్బు తీసుకుని అచ్చేసే జర్నళ్లకు పండగే. వాటిని ఆపడానికే యూజీసీ 'కేర్' అనే నమ్మదగిన జర్నళ్ల జాబితా పెట్టింది, 2025లో దాన్నీ ఎత్తేసింది. ఆ జర్నళ్లలో వచ్చిన పేపర్‌తో డిగ్రీ తెచ్చుకున్నవాళ్లను చూశాను, బాధేస్తుంది.

గాజువాక:
మరి పని నిజమైనదో కాదో చూసేదెవరు? బయటి పరీక్షకులు వందల పేజీల్లో ప్రతి ఎన్ఎమ్ఆర్ (అణువు నిర్మాణాన్ని తేల్చే పరీక్ష) పీకూ చూస్తారా?

మల్లేశ్వరం:
అసలు ప్రశ్న ఇదేనండీ. 'ఆర్గానిక్ సింథసీస్' అనే పత్రిక 1921 నుంచి ఉంది. అందులో వచ్చే ప్రతి ప్రయోగాన్నీ సంపాదక మండలి సభ్యుల ల్యాబ్‌లో మళ్లీ చేసి చూశాకే అచ్చేస్తారు. థీసిస్ మొత్తానికి అలా చేయలేం. కానీ కీలకమైన ఒక్క రియాక్షన్‌ని, మీ ల్యాబ్ నోట్‌బుక్ మాత్రమే చూసి, వేరే ల్యాబ్ స్కాలర్ చేయగలగాలి. ఈల్డు (చేతికొచ్చే పదార్థం శాతం) కాస్త తగ్గినా ఫర్వాలేదు, అదే కాంపౌండ్ రావాలి. ఇదే షరతు పెట్టమంటాను.

గాజువాక:
మా పని అంతా గ్లవ్‌బాక్స్‌లోనే, అంటే గాలి, తేమ తగలని మూసిన పెట్టెలోనే. పక్క ల్యాబ్‌లో అది లేదు. రసాయనాల ఖర్చెవరిది?

మల్లేశ్వరం:
మీ గ్లవ్‌బాక్స్‌లోనే, వేరేవాళ్ల చేత్తో. ఖర్చు డిపార్ట్‌మెంట్‌దే అవ్వాలి. దానితోపాటు ఎన్ఎమ్ఆర్ ఎఫ్‌ఐడీ ఫైళ్లు (యంత్రం నుంచి నేరుగా వచ్చే రా డేటా) కూడా థీసిస్‌తో ఇవ్వాలి. పీడీఎఫ్ బొమ్మలో సాల్వెంట్ పీకు చెరిపేయడం తేలిక, రా డేటాలో అంత తేలిక కాదు.

గాజువాక:
ఎఫ్‌ఐడీ ఫైళ్లకు ఒప్పుకుంటాను. పేపర్ షరతు తీసేయడానికి మాత్రం ఒప్పుకోను. డ్రాఫ్టు చదవని గైడుని కదిలించే ఇంకో దారి ఎవరూ చెప్పలేదు.