చర్చ: మన దేశంలో ఇచ్చిన లంచానికి అమెరికాలో కేసు – న్యాయమా, పెత్తనమా?

కృష్ణాతీరం:
అమెరికా ఐటీ కంపెనీ కాగ్నిజెంట్ చెన్నై క్యాంపస్ కేసు గురించి అడుగుతున్నాను. తెలియనివాళ్ల కోసం రెండు ముక్కల్లో చెబుతాను. 2014లో కొత్త క్యాంపస్ ప్లానింగ్ పర్మిట్ కోసం తమిళనాడు ప్రభుత్వ అధికారి ఒకరు దాదాపు 20 లక్షల డాలర్లు అడిగారని, ఆ సొమ్ము భవన నిర్మాణ కాంట్రాక్టర్ ద్వారా ఇప్పించారని అమెరికా మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీ చెప్పింది. కంపెనీ 2016లో తనంతట తానే విషయం బయటపెట్టింది. 2019లో 2.5 కోట్ల డాలర్లు కట్టి ఎస్‌ఈసీతో సెటిల్ చేసుకుంది. అప్పటి ప్రెసిడెంట్ మీదా, చీఫ్ లీగల్ ఆఫీసర్ మీదా క్రిమినల్ కేసు పెట్టారు. తాము ఏ తప్పూ చేయలేదని వాళ్లిద్దరూ వాదించారు. 2025 ఫిబ్రవరి 10న ట్రంప్ విదేశీ అధికారులకు లంచాలివ్వడాన్ని నేరంగా చూసే అమెరికా చట్టం (విదేశీ లంచాల చట్టం) కింద కొత్త దర్యాప్తులు 180 రోజులు ఆపమని ఉత్తర్వు ఇచ్చాడు. ఏప్రిల్‌లో అమెరికా ప్రభుత్వమే ఆ ఇద్దరి మీద కేసు వెనక్కి తీసుకుంది.

నా ప్రశ్న ఇది. అడిగింది చెన్నైలో, ఇచ్చింది చెన్నైలో, కేసు మాత్రం న్యూజెర్సీలో. మన ఇంటి దొంగను పట్టుకోవడానికి వాళ్లెవరు? కేసు పోవడం మంచిదే అంటాను. మీరేమంటారు?

సత్తెనపల్లి_వాసు:
కరెక్ట్. ముందు వాళ్ల ఇల్లు చక్కబెట్టుకోమనండి.

ఆడిట్‌శేషు:
ఇచ్చింది చెన్నైలోనే. కానీ ఇవ్వమని చెప్పింది ఎక్కడి నుంచి? ఎస్‌ఈసీ ఫిర్యాదు చదవండి. అమెరికాలో ఉన్న పెద్దలు వీడియో కాన్ఫరెన్స్‌లో ఒప్పుకున్నారని, కాంట్రాక్టర్‌కి ఆ సొమ్ము తిరిగి ఎలా ఇవ్వాలో కూడా అప్పుడే మాట్లాడుకున్నారని అందులో ఉంది. చేంజ్ ఆర్డర్ల రూపంలో ఇచ్చారట. నిర్మాణం మొదలయ్యాక డిజైన్ మారిందనో, అదనపు పని పడిందనో కాంట్రాక్ట్ మొత్తాన్ని మార్చి రాసుకునే కాగితాన్నే చేంజ్ ఆర్డర్ అంటారు. నేను ఇంటర్నల్ ఆడిట్‌లో పనిచేస్తాను. కాంక్రీటుకీ కేబుళ్లకీ మధ్యలో లంచాన్ని కలిపేస్తే పట్టుకోవడం ఎంత కష్టమో నాకు తెలుసు. షేర్‌హోల్డర్ చూసే లెక్కల్లో అది క్యాంపస్ ఖర్చుగా కనబడుతుంది. ఆ అబద్ధం చెప్పింది అమెరికా మార్కెట్‌కి. ఇక అమెరికా అడగక ఎవరు అడుగుతారు?

ఈ చట్టం మన మీద పెత్తనం కోసం పుట్టింది కాదు. వాటర్‌గేట్ (అమెరికా అధ్యక్షుడు నిక్సన్ పదవి పోయిన కుంభకోణం) విచారణల తర్వాత 400కు పైగా అమెరికా కంపెనీలు విదేశాల్లో ఇలాంటి చెల్లింపులు చేశామని ఒప్పుకున్నాయి. అమెరికా కంపెనీ లాక్‌హీడ్ విమానాలు అమ్ముకోవడానికి లంచాలిచ్చిన వ్యవహారంలో జపాన్ మాజీ ప్రధాని తనాకా అరెస్టయ్యాడు. ఆ సిగ్గులోంచి 1977లో వచ్చింది.

మందులమూర్తి:
శేషు గారూ, అంతా చెప్పారు. అడిగినవాడి పేరేది? ఫిర్యాదు మొత్తం వెతకండి, ఆ అధికారి పేరు కనబడదు. ఇచ్చిన కంపెనీ పేరుంది, ఇప్పించినవాళ్ల పేర్లున్నాయి. పర్మిట్ ఫైలు మీద కూర్చున్నవాడికి పేరే లేదు. ఇదేం న్యాయం?

లాపాయింట్:
ఒక చిన్న సవరణ. 1977 చట్టం ఇచ్చేవాడినే పట్టుకుంటుంది, తీసుకున్న విదేశీ అధికారిని కాదు. తీసుకునేవాడి కోసం 2023 డిసెంబర్‌లో వేరే చట్టం చేశారు. ఇంకొకటి, ప్రభుత్వ ఉద్యోగి ఎలాగూ చేయాల్సిన మామూలు పనిని త్వరగా చేయించడానికి ఇచ్చే చిన్న మొత్తాలకు అమెరికా చట్టంలో మినహాయింపు ఉంది. బ్రిటన్ 2010 చట్టంలో అది కూడా లేదు. కాబట్టి 'లంచం' అని అందరూ ఒకే గాటన కట్టకండి.

ఓరుగల్లు_88:
చిన్న లంచానికి మినహాయింపా? అదెక్కడి చట్టం!

ఆడిట్‌శేషు:
మూర్తి గారూ, అడిగినవాడు తప్పించుకోవడం మన ఏసీబీ వైఫల్యం, అమెరికా వైఫల్యం కాదు. లూయీ బెర్గర్ కేసు చూడండి. న్యూజెర్సీ కంపెనీ. గోవా, గౌహతి నీటి ప్రాజెక్టుల కోసం లంచాలిచ్చామని 2015లో ఒప్పుకుని, ఇండోనేషియా, వియత్నాం, కువైట్ వ్యవహారాలతో కలిపి 1.71 కోట్ల డాలర్లు కట్టింది. ఆ పత్రంలోనూ మంత్రుల పేర్లు లేవు. అయినా అది బయటికొచ్చిన కొద్ది వారాలకే గోవా పోలీసులు కేసు పెట్టి ఒక మాజీ మంత్రిని అరెస్ట్ చేశారు. న్యూజెర్సీలో కదలిక లేకపోతే గోవాలో ఆ ఫైలు ఎవరు తెరిచేవారు?

మందులమూర్తి:
అరెస్ట్ గురించి చెప్పారు. నేను అడిగింది శిక్ష గురించి.

కొల్లేటి_కొంగ:
అదానీ కేసులో మన ఆంధ్రా సోలార్ ఒప్పందం సంగతి ఎవరూ మాట్లాడరేం? 2024 నవంబర్‌లో న్యూయార్క్‌లో పెట్టిన కేసు. 26.5 కోట్ల డాలర్ల లంచాలు ఇస్తామన్నారని, అందులో పెద్ద వాటా మన రాష్ట్రంలోనే అని రాశారు కదా.

లాపాయింట్:
అది అభియోగం మాత్రమే. అదానీ గ్రూప్ ఖండించింది, అప్పటి రాష్ట్ర పాలకపక్షమూ ఖండించింది. పైగా ఆ కేసులో విదేశీ లంచాల చట్టం కింద కుట్ర ఆరోపణ పెట్టింది అజూర్ పవర్ అనే ఇంకో సోలార్ కంపెనీ, అందులో పెట్టుబడి పెట్టిన కెనడా పెన్షన్ ఫండ్ వైపు వాళ్ల మీద. అదానీల మీద పెట్టింది అమెరికా ఇన్వెస్టర్లకు అబద్ధం చెప్పారన్న ఆరోపణ. రెండూ వేరు.

కొల్లేటి_కొంగ:
వేరైతే ఏంటి, లంచం లంచమే కదా!

సత్తెనపల్లి_వాసు:
ఏ ప్రభుత్వంలో అయిందో అది కూడా చెప్పు మరి.

నిర్వాహకులు:
పార్టీల మీద వచ్చిన తొమ్మిది కామెంట్లు తీసేశాం. సోలార్ ఒప్పందం మీద విడిగా చర్చ పెట్టుకోండి.

మందులమూర్తి:
నా అనుభవం చెబుతాను, అప్పుడు అర్థమవుతుంది. మాది హైదరాబాద్‌లో చిన్న ఎగుమతి సంస్థ. యూరప్ క్లయింట్ ఒకరి తరఫున పశ్చిమ ఆఫ్రికాకు ఇంజెక్షన్లు పంపేవాళ్లం. ఒకసారి అక్కడి రేవులో రీఫర్ (సరుకును చల్లగా ఉంచే) కంటైనర్ ఆపేశారు. కాగితాలన్నీ సక్రమంగా ఉన్నాయి, స్టాంపులూ ఉన్నాయి. 'సార్ లేరు, రేపు రండి' అనేవాళ్లు. రోజూ డెమరేజ్ (సరుకు ఆలస్యంగా తీసుకున్నందుకు కట్టే రుసుము), దాని మీద కంటైనర్‌కి కరెంటు ఛార్జీ. ఒక రాత్రి ప్లగ్ తీసేశారు కూడా. టెంపరేచర్ లాగర్‌లో ఎనిమిది డిగ్రీల గీత దాటి పైకి వెళ్లింది. మర్నాడు క్లియరింగ్ ఏజెంట్ ఫోన్ చేసి 'నేను చూసుకుంటాను సార్' అన్నాడు. సాయంత్రానికి సరుకు బయటికొచ్చింది. అతని ఇన్‌వాయిస్‌లో 'మిసలేనియస్' అని ఒక లైన్. ఏడాది తర్వాత క్లయింట్ ఆడిట్‌లో ఆ లైన్ దొరికింది. ఒకే ఒక్క ఈమెయిల్‌తో కాంట్రాక్ట్ రద్దు. ప్యాకింగ్‌లో పనిచేసే ఆడవాళ్లలో సగం మందిని పంపించేయాల్సి వచ్చింది. ఆ కస్టమ్స్ ఆఫీసర్ ఇప్పుడు పెద్ద పోస్టులో ఉన్నాడు.

ఇప్పుడు చెప్పండి, నేను నేరస్తుడినా?

ఆడిట్‌శేషు:
ఆ లైన్ ఏంటని మీ ఏజెంట్‌ని అడిగారా?

మందులమూర్తి:
అడగాల్సిన పనేముంది? తెలుసు. తెలిసే కట్టాను. కట్టకపోతే ఇంజెక్షన్లు చెత్తబుట్టలోకి పోయేవి.

లాపాయింట్:
మూర్తి గారిది అమెరికా చట్టం ప్రకారం ఆ మినహాయింపులోకి రావచ్చు. కానీ లెక్కల్లో ఉన్నది ఉన్నట్టు రాయాలి. 'మిసలేనియస్' అని రాయడమే అక్కడ సమస్య.

మందులమూర్తి:
లాపాయింట్ గారూ, 'కస్టమ్స్ ఆఫీసర్‌కి లంచం' అని ఇన్‌వాయిస్ మీద ఏ ఏజెంట్ రాస్తాడండీ?

ఆడిట్‌శేషు:
మూర్తి గారూ, ప్రతివాడూ ఇదే అంటాడు. జర్మనీ ఇంజినీరింగ్ కంపెనీ సీమెన్స్ కూడా ఇదే అంది, అక్కడ పని కావాలంటే ఇంతే అని. 1999 దాకా జర్మనీలో విదేశీ లంచాన్ని ఖర్చుగా చూపించి పన్ను తగ్గించుకునే వీలుండేది. సీమెన్స్‌లో నగదు కౌంటర్లు ఉండేవి. ఉద్యోగి ఖాళీ సూట్‌కేసుతో వెళ్లి పది లక్షల యూరోల దాకా నింపుకుని రావచ్చు. మంజూరు సంతకాలు పసుపుపచ్చ స్టిక్కర్ కాగితాల మీద పెట్టేవాళ్లు, తర్వాత పీకేయడానికి వీలుగా. 2008లో అమెరికా, జర్మనీలకు కలిపి 160 కోట్ల డాలర్లు కట్టారు. ఆ స్టిక్కర్‌కీ మీ 'మిసలేనియస్'కీ తేడా మొత్తంలోనే.

మందులమూర్తి:
నన్ను సీమెన్స్ పక్కన నిలబెట్టారా! ఏసీ గదిలో కూర్చుని ఎక్సెల్ షీట్‌లో ఎర్ర రంగు వేసేవాళ్లకి రేవులో నిలబడ్డవాడి బాధ ఏం తెలుస్తుంది? మీ జీతం ఒకటో తారీఖున పడుతుంది. మా వాళ్ల జీతం ఆ కంటైనర్ బయటికొస్తేనే పడుతుంది.

ఆడిట్‌శేషు:
నా జీతం జోలికి వచ్చారు కాబట్టి చెబుతాను. ఇంతకుముందు పనిచేసిన కంపెనీలో హాస్పిటల్ పరికరాల టెండర్ ఒకటి. బయటి దేశంలో ఒక ఏజెంట్‌కి 'మార్కెట్ స్టడీ' పేరుతో పెద్ద మొత్తం వెళ్లింది. మా టీమ్‌లో ఒకమ్మాయి ఆ స్టడీ రిపోర్ట్ పంపమని మెయిల్ పెట్టింది. వచ్చిన ఫైలు ఆ హాస్పిటల్ వెబ్‌సైట్‌లో ఉన్న పేజీలే, ఫోన్ నంబర్లతో సహా. అదే మాట ఇంకో మెయిల్‌లో రాసింది. తర్వాతి నెల ఆమెను వేరే ఊరికి మార్చారు, ఆ తర్వాత రాజీనామా తీసుకున్నారు. అడ్డు చెప్పినందుకు నా ప్రమోషన్ పోయింది. అప్పుడూ పైవాళ్లు మీ మాటే అన్నారు, 'అక్కడ అంతే' అని. లంచం బలవంతంగా గుంజుతారని మీరంటున్నారు. నేను చూసినంతలో ఇష్టపడి కొనుక్కుంటారు.

నైరోబీ_లక్ష్మి:
ఇద్దరూ చెప్పింది వేరువేరు రకాల లంచాల గురించి కదండీ. ఒకరిది రావాల్సినది ఆపితే ఇచ్చింది. ఇంకొకరిది రాకూడనిది రప్పించుకోవడానికి ఇచ్చింది.

ఓరుగల్లు_88:
అక్క చెప్పింది పాయింట్.

ఆడిట్‌శేషు:
మొదటిదానికి ఒప్పుకుంటే రెండోది దాని పేరు పెట్టుకుని వస్తుంది లక్ష్మి గారూ. చెన్నై పర్మిట్‌నీ 'ఆపితే ఇచ్చాం' అనొచ్చు.

మందులమూర్తి:
లక్ష్మి గారి మాట నిజమే, కానీ నా మంట అది కాదు. ఇన్ని రోజులుగా చెప్పలేకపోతున్నాను, సూటిగా రాస్తాను. లంచం మీద చట్టం వద్దని నేను అనడం లేదు. మా క్లయింట్ ఆ తర్వాత ఏం చేసిందో తెలుసా? తమ దేశంలో అధికారుల దగ్గరికి వెళ్లి 'మేమే కనిపెట్టాం, సహకరిస్తున్నాం, చెడ్డ సరఫరాదారులను తీసేశాం' అని చెప్పుకుంది. ఆ చెడ్డవాళ్ల జాబితాలో మా పేరు. వాళ్లు జరిమానా తగ్గించుకుని బయటపడ్డారు. సరుకు ఆగినప్పుడు 'ఎలాగైనా బయటికి తీయించండి' అని మాకు రోజుకి రెండు మెయిళ్లు పెట్టింది వాళ్ల లాజిస్టిక్స్ మేనేజరే. ఆ మెయిళ్లు ఎవరూ అడగలేదు. సహకారం అంటే మాలాంటివాళ్లను అప్పజెప్పడమా?

ఆడిట్‌శేషు:
చెప్పుకున్న కంపెనీకి మినహాయింపు ఇవ్వకపోతే ఒక్కటీ బయటికి రాదండీ. కాగ్నిజెంట్ కంపెనీ మీద అమెరికా న్యాయశాఖ క్రిమినల్ కేసు పెట్టలేదు, తనే వచ్చి చెప్పిందన్నది అందుకో పెద్ద కారణం. ఆ దారి మూసేస్తే అందరూ స్టిక్కర్లు పీకేస్తారు. మా టీమ్‌లోని ఆ అమ్మాయి రాసిన మెయిల్‌కి విలువ వచ్చేది కూడా ఆ దారి ఉంటేనే.

మందులమూర్తి:
దారి ఉంచండి. టోల్ మా దగ్గర వసూలు చేయకండి.

నైరోబీ_లక్ష్మి:
ఈ జరిమానాలు ఎవరికి వెళ్తాయి? ఆ ఇంజెక్షన్ల కోసం ఎదురుచూసిన ఊళ్లకి ఏమైనా వస్తుందా? ఆ ఖర్చంతా చివరికి ధరలో కలిసి అక్కడి రోగుల మీదే పడుతుంది కదా.

లాపాయింట్:
సాధారణంగా రాదు. జరిమానా కేసు పెట్టిన దేశ ఖజానాకే. టెలికాం పరికరాల కంపెనీ ఆల్కాటెల్-లూసెంట్ లంచాల కేసులో 2010లో అమెరికాకు 13.7 కోట్ల డాలర్లు కట్టింది. లంచాలు తీసుకున్నవాళ్లలో కోస్టారికా ప్రభుత్వ టెలికాం సంస్థ డైరెక్టర్లున్నారు. ఆ సంస్థ 'మేమే బాధితులం, మాకు పరిహారం ఇప్పించండి' అని ఫ్లోరిడా కోర్టుకి వెళ్లింది. మీ పైవాళ్లే లంచాలు తిన్నారు, మీరు బాధితులెలా అవుతారని కోర్టు ఒప్పుకోలేదు. కోస్టారికాకు వచ్చింది తన దేశంలో తాను వేసుకున్న కేసులో ఆల్కాటెల్ కట్టిన కోటి డాలర్లు. నైజీరియా కూడా గ్యాస్ ప్లాంట్ కాంట్రాక్టు లంచాల వ్యవహారంలో అమెరికా కంపెనీ హాలిబర్టన్ నుంచి 3.5 కోట్ల డాలర్లు అలాగే తీసుకుంది. అదే వ్యవహారంలో అమెరికా తీసుకున్నది 57.9 కోట్లు.

కృష్ణాతీరం:
ఇదే నేను అన్నది! మన దేశం నష్టపోతే సొమ్ము వాళ్లకి.

ఆడిట్‌శేషు:
అయితే మనం కేసు వేయాలి. కోస్టారికా వేసింది, తెచ్చుకుంది. మనల్ని ఎవరు ఆపారు?

మందులమూర్తి:
మరి నాకో సంగతి చెప్పండి. 2018లో మన చట్టం మార్చారు, బలవంతంగా లంచం ఇవ్వాల్సి వస్తే ఏడు రోజుల్లో ఫిర్యాదు చేస్తే నేరం కాదని. నా కంటైనర్‌కి అది పనికొచ్చేదా?

లాపాయింట్:
లేదు. అది మన ప్రభుత్వ ఉద్యోగుల విషయంలోనే. విదేశీ అధికారికి మన కంపెనీ లంచమిస్తే పట్టుకునే ప్రత్యేక చట్టం మనకు లేదు. 2011లో బిల్లు పెట్టారు, 2014లో లోక్‌సభ గడువుతో పాటే అదీ మురిగిపోయింది. ఓఈసీడీ (ఎక్కువగా ధనిక దేశాల కూటమి) లంచ వ్యతిరేక ఒప్పందంలోనూ మనం లేము.

మందులమూర్తి:
అంటే మా కాంట్రాక్ట్ పోయాక అక్కడి మంత్రిత్వ శాఖలో చేతులు తడిపి ఆ సరఫరా ఎత్తుకుపోయిన హైదరాబాద్ కంపెనీ మీద ఇక్కడ నేను ఎవరికీ చెప్పుకోలేను.

ఆడిట్‌శేషు:
ఆ సరఫరాకి డబ్బు ఎవరిది?

మందులమూర్తి:
ప్రపంచ బ్యాంక్ ఆరోగ్య ప్రాజెక్టు.

ఆడిట్‌శేషు:
అయితే చోటుంది. ప్రపంచ బ్యాంక్‌కి ఇంటిగ్రిటీ విభాగం ఉంది, ఫిర్యాదు ఎవరైనా రాయొచ్చు. నిజమని తేలితే ఆ కంపెనీని ఏళ్ల తరబడి నిషేధిస్తారు. మన సత్యం కంప్యూటర్స్‌ని 2008లో ఎనిమిదేళ్లు నిషేధించింది వాళ్లే, బ్యాంక్ సిబ్బందికి అనుచిత ప్రయోజనాలు ఇచ్చారని. లెక్కల మోసం ఒప్పుకుంటూ దాని అధిపతి రామలింగరాజు రాసిన ఉత్తరం రాకముందే అది అమల్లో ఉంది. టెండర్ కాగితాలు, తేదీలు, ఎవరెవరు కలిశారో రాసి పంపండి.

మందులమూర్తి:
రాస్తే వాళ్లు మొదట అడిగేది నా ఖాతాలు. అందులో ఆ లైన్ ఉంది.

ఆడిట్‌శేషు:
ముందుగా మీరే చెబితే నిషేధం లేకుండా వదిలే స్వచ్ఛంద వెల్లడి పథకం వాళ్లకీ ఉంది.

మందులమూర్తి:
చూశాను శేషు గారూ. సొంత ఖర్చుతో దర్యాప్తు చేయించి రిపోర్ట్ ఇవ్వాలి. ఆ ఖర్చు భరించగలిగితే మా ప్యాకింగ్ ఆడవాళ్లను పంపించేవాడినే కాదు.