ఫాస్ఫటేజ్‌ను ‘నిరోధక ఎంజైము’ అనొచ్చా?

కర్నూల్లో డిగ్రీ పిల్లలకు జీవశాస్త్రం చెప్తాను. రోగాలతో పోరాడే టి కణాల పాఠానికి తెలుగులో నోట్సు రాస్తా ఒక మాట దగ్గర ఆగిపోయినా. కైనేజ్ అనే ఎంజైము ప్రోటీన్‌లోని టైరోసిన్ అనే అమైనో ఆమ్లానికి ఫాస్ఫేట్ తగిలిస్తుంది, ఫాస్ఫటేజ్ దాన్ని ఊడదీస్తుంది. తగిలిస్తే సంకేతం మొదలు, ఊడదీస్తే ఆగిపోతుంది అనుకుని ‘నిరోధక ఎంజైము’ అని రాసి, మళ్ళీ నేనే కొట్టేసినా.

కారణం సీడీ45. టి కణం పైపొర నిండా ఉండే ఫాస్ఫటేజ్ ఇది. టి కణంలో సంకేతం మొదలుపెట్టే ఎల్‌సీకే అనే కైనేజ్ తోకలో, 505వ స్థానంలోని టైరోసిన్‌కు ఫాస్ఫేట్ తగిలిందంటే, ఎల్‌సీకే ఆ తోకను తన ఒంటికే కరిపించుకుని ముడుచుకుపోతుంది. సీడీ45 ఆ ఫాస్ఫేట్‌ను ఊడదీస్తేనే విచ్చుకుని పనికి తయారవుతుంది. సీడీ45 లేకుండా పుట్టిన బిడ్డలకు తీవ్రమైన రోగనిరోధక లోపం వస్తుంది. అట్లాంటిదాన్ని ‘నిరోధకం’ అని ఎట్లా అంటాం? పైగా ఈ పాఠంలో ‘నిరోధక’ అంటే రోగాన్ని నిరోధించేదేమో అని పిల్లలు అనుకుంటారు. మంచి మాట ఉంటే చెప్పండి.

జవాబు: సార్, ‘విఫాస్ఫరీకరణి’ అంటే సరిపోదా?

జవాబు: అర్థం సరిగ్గానే ఉంది తమ్ముడూ. కానీ తరగతిలో ఆ మాట రెండుసార్లు పలికితే మూడోసారి పిల్లలు వినరు.

జవాబు: సార్, నాకు సైన్సు తెలీదు. మాది కేసీ కాలువ కింద వరి. మడవకు అడ్డం వేసిన మట్టి తీస్తే మడిలోకి నీళ్ళు పారతాయి. గట్టు మట్టి తీస్తే ఉన్న నీళ్ళు కూడా పోతాయి. రెండుచోట్లా పార చేసే పని మట్టి తీయడమే కదా.

జవాబు: అన్నా, సరిగ్గా అదే! ఎల్‌సీకే ఒక్కదాంట్లోనే మీరు చెప్పిన రెండూ ఉన్నాయి. 505 మీది ఫాస్ఫేట్ మడవకు అడ్డం వేసిన మట్టి. 394వ టైరోసిన్ మీది ఫాస్ఫేట్ గట్టు మట్టి: అది ఉంటేనే ఎల్‌సీకే జోరుగా పనిచేస్తుంది. పీటీపీఎన్22 అనే ఫాస్ఫటేజ్ దాన్ని ఊడదీసి జోరు తగ్గిస్తుంది. ఆ పీటీపీఎన్22లో 620వ స్థానంలో ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లం బదులు ట్రిప్టోఫాన్ అనే ఇంకొకటి వచ్చే మార్పుకు టైప్ 1 డయాబెటిస్‌తో సంబంధం ఉందని 2004లో తేలింది. సీడీ45 కూడా 394 మీద చెయ్యి వేయగలదు. ఆపడం, నడపడం చోటును బట్టి వచ్చే ఫలితాలు. ఎంజైము పేరులో ఫలితం ఉండకూడదు, పని ఉండాలి.

జవాబు: కడప నుంచి రాస్తున్నా, తెలుగు చెప్తాను. ఫాస్ఫరస్ అంటే గ్రీకులో వెలుగును తెచ్చేది, మన ‘భాస్వరం’ అన్నా వెలిగేదే. టైరోసిన్‌కు మూలం చీజ్ అనే అర్థమున్న గ్రీకు మాట. చీజ్‌లో దొరికింది కాబట్టి 1846లో లీబిగ్ అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్త ఆ పేరు పెట్టినాడు. వాటిని కదిలించొద్దు. క్రియ మాత్రం మీ పోస్టులోనే ఉంది సార్, ‘ఊడదీయు’. మేకు ఊడుతుంది, పన్ను ఊడుతుంది. ‘తెంచు’, ‘కోయు’ అంటే ప్రోటీనే తెగిందనుకుంటారు. ‘ఊడదీయు’లో తగిలించింది మాత్రమే పోతుంది, అసలుది అట్లే ఉంటుంది. ‘ఊడదీత ఎంజైము’ అనండి.

జవాబు: మేడం, మాట కుదిరింది. తగిలింపు ఎంజైము, ఊడదీత ఎంజైము. పక్కనే కైనేజ్, ఫాస్ఫటేజ్ అని కూడా ఉంచుతా, పరీక్షలో అవే అడుగుతారు. ‘ఆపు’ను పేరులోంచి తీసి వాక్యంలో క్రియగా వాడతా: ‘పీడీ-1 గ్రాహకం ఎస్‌హెచ్‌పీ2 అనే ఊడదీత ఎంజైమును దగ్గరికి తెచ్చుకుని టి కణాన్ని ఆపుతుంది.’